పిండికోడి కథ పుట్టిన సీమలో

గుంటూరు వైపు నుంచి వెళ్లేవాళ్లకు కరీంనగర్‌లో ముందుగా కళ్లబడేవి గుట్టలు. మా వైపు కొండ అంటే దానికో పేరు, ఓ దేవుడు, ఓ తిరునాళ్ల ఉండాల్సిందే. ఇక్కడ ఊరు దాటితే చాలు, ఎటు చూసినా గుట్టే. చెట్టూ చేమా లేని బోడిగుట్టలు, ఇప్పుడో ఇంకాసేపట్లోనో దొర్లిపడేలా నిలబడ్డ బండలు. కొన్ని గుట్టలకు ఒక పక్క ఉంది, రెండో పక్క లేదు. ఆ లేని పక్క గ్రానైటు పలకలై లారీలెక్కి వెళ్లిపోయింది. బస్సు కిటికీలోంచి నేను వాటినే లెక్కపెట్టబోయి, కాసేపటికి మానేశాను.

మీరు వెళ్లదలిస్తే సంక్రాంతి ముందు వెళ్లండి. ఎండ ఉండదు, పైగా ఇంటింటా సకినాల మూకుడు పొయ్యి మీద ఉంటుంది. మా స్నేహితురాలి ఇంట్లో అడుగుపెట్టేసరికి హాలునిండా తెల్లటి పాత ధోవతులు పరిచి, చుట్టుపక్కల ఆడవాళ్లంతా కూర్చుని సకినాలు చుడుతున్నారు. నానబెట్టి దంచిన బియ్యప్పిండిలో నువ్వులు, వాము వేసి, వేళ్ల సందు నుంచి సన్నటి తాడులా జారవిడుస్తూ గుండ్రంగా మూడు నాలుగు చుట్లు తిప్పుతారు. చూస్తే ఎంత తేలిక అనిపిస్తుందో! నా చేతిలో మాత్రం ఆ తాడు ప్రతి అంగుళానికీ తెగింది. మా ఇళ్లలో అరిసెలకు పాకం చూడ్డం ఎంత విద్యో ఇక్కడ ఇది అంత విద్య. స్నేహితురాలి అమ్మగారు మొదటి ముద్ద తీసుకుని చుట్టకుండా, చిన్న గోపురంలా ఒత్తి, పసుపూ కుంకుమా పెట్టి ఒక మూల ఉంచారు.

"గౌరమ్మ, బిడ్డా. ముందుగాల అమ్మకు పెట్టాలె, అటెన్క మనకు" అన్నారు.

పిండిని చేత్తో ఒత్తితే దేవత అయింది. నేను వెళ్లింది కూడా ఒక పిండిబొమ్మ కోసమే కాబట్టి ఆ మూలకేసి చాలాసేపు చూశాను.

సంగతి చెప్పాలి. మా ఇంట్లో నాన్న నాస్తికులు. గోరా గారు 1940లో ముదునూరులో మొదలుపెట్టి, 1947లో విజయవాడ పటమటకు తెచ్చిన నాస్తిక కేంద్రం సభలకు చిన్నప్పుడు నన్ను వెంటబెట్టుకుని వెళ్లేవారు. అమ్మ శనివారాలు ఒంటిపూట, ఏటా కోటప్పకొండ. ఇద్దరూ ఒకరి జోలికి ఒకరు పోకుండా కాపురం చేశారు. నేను లెక్కలు చెప్పుకుంటూ నాన్న వైపే ఉన్నాననుకున్నాను. అమ్మకు కేన్సరు ముదిరాక, ఒకరోజు నా చెయ్యి పట్టుకుని "నువ్వు మొక్కుకోవే, నా కోసం" అంది. మొక్కుకున్నాను. కోటప్పకొండ మెట్లన్నీ ఎక్కాను. నమ్మకం లేకుండానే ఎక్కాను. శ్రావణంలో అమ్మ పోయింది. కర్మకాండ అయ్యాక పిన్ని, అత్తయ్య ఒక మాటన్నారు: నమ్మకం లేనివాళ్లు మొక్కితే దేవుడు వింటాడా, ఆ దోషానికి శాంతి హోమం చేయించు అని. అప్పటినుంచి నాకు గుడికి వెళ్తే అబద్ధమాడుతున్నట్టు ఉంటోంది, నాన్న పక్కన కూర్చుంటే అమ్మను వదిలేసినట్టు ఉంటోంది. ఇంట్లో అమ్మ దీపపు కుంది తోమి పెట్టాను, వెలిగించలేదు, తీసి లోపలా పెట్టలేదు.

ఆ రోజుల్లో చదివాను యశస్తిలక చంపువు కథ. రాసినవాడు సోమదేవ సూరి, జైన సన్యాసి. తార్కిక చక్రవర్తి అని బిరుదు. క్రీ.శ. 959లో, అరికేసరి పెద్దకొడుకు వాగరాజు ఏలుబడిలో, గంగాధర అనే చోట సంస్కృతంలో రాసి ముగించాడు. ఆ గంగాధర మన కరీంనగర్ జిల్లా గంగాధరే అని చరిత్రకారులు చాలామంది చెబుతారు. అరికేసరి వంశం వాళ్లు వేములవాడ చాళుక్యులు, రాష్ట్రకూటులకు సామంతులు. కథలో యశోధరుడనే రాజు జీవహింస తప్పని గట్టిగా నమ్మినవాడు. పీడకల వచ్చిందని చెబితే, తల్లి చంద్రమతి దేవికి జంతుబలి ఇవ్వమంటుంది. కొడుకు శాస్త్రం తీసి వాదిస్తాడు. తల్లి తన శాస్త్రం తీస్తుంది. వాదన తెగదు. చివరికి తల్లి మాట కాదనలేక రాజు పిండితో కోడిని చేయించి, దాన్ని నరుకుతాడు. నరికింది పిండినే. అయినా సోమదేవుడు వదల్లేదు. ఆ తల్లీకొడుకుల్ని నెమలిగా, కుక్కగా, ఇంకా ఏవేవో జంతువులుగా జన్మ తర్వాత జన్మ తిప్పాడు.

ఆ కథ చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. నేను ఎక్కిన మెట్లు పిండికోడేనా? బుద్ధి వద్దంటున్నా తల్లి కోసం చేసిన ఉత్తుత్తి పనేనా? వెయ్యేళ్ల కిందట ఒక తార్కికుడు నా ఇంటి గొడవను రాసిపెట్టి వెళ్లిన ఊరు చూడాలనిపించింది.

గంగాధరలో సోమదేవుడి పేరుతో ఏమీ లేదు. కరీంనగర్ నుంచి జగిత్యాల వెళ్లే రోడ్డు మీద దిగి, టీ కొట్లో అడిగితే "గసొంటి సార్ ఎవ్వరూ లేరమ్మా" అన్నారు. కొత్తగా వచ్చిన టీచరేమో అనుకున్నారు పాపం. నేను వెతికే రెండో చోటు ఆ మండలంలోనే కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట. ఇక్కడే దారి తప్పాను. గుట్టలన్నీ ఒక్కలాగే ఉంటాయని ముందే చెప్పానుగా. ఒక గుట్ట చుట్టూ తిరిగాను, పత్తి చేలకు అడ్డంపడి ఇంకో గుట్ట మొదటికి వెళ్లాను, బండల నడుమ తుమ్మముళ్లు తప్ప ఏమీ లేవు. చేలో పత్తికట్టె మాత్రం మా పల్నాడు చేలలో ఉన్నట్టే ఉంది. మేకలు కాసే ఒక తాత దూరం నుంచి కేకేశాడు.

"ఏం దేవులాడుతున్నవమ్మా?"

"బొమ్మలగుట్ట తాతా."

"బొమ్మలమ్మ తానికా? గిది గాదు బిడ్డా, గదీ. పా, నేను గా పక్కకే పోతున్న."

మేకలు ముందు, తాత నడుమ, నేను వెనక. బండల మీద చేతులానించి పైకి వెళితే, నిలువుబండ మీద నడిమధ్యన చక్రేశ్వరి కూర్చుని ఉంది, ఎనిమిది చేతులతో, గరుడుడి మీద. అటూ ఇటూ తీర్థంకరులు నిటారుగా, దిగంబరంగా. రాయి కాస్త ఎర్రబారిన నలుపు. అమ్మవారి మోకాళ్ల దగ్గర ఆరిపోయిన పసుపు మరక ఉంది. జైన యక్షిణి ఇప్పుడు ఊరి బొమ్మలమ్మ. ఆ బొమ్మల కింద శాసనం. సంస్కృతం, కన్నడం కలిసి నడిచి, చివర తెలుగు కందపద్యాలతో ముగుస్తుంది. పదో శతాబ్దపు కందాలు, నన్నయకు దాదాపు నూరేళ్ల ముందువి. అక్షరం అక్షరం వేలితో తడిమాను. గీతలు లోతుగా, అంచులు ఇంకా పదునుగా ఉన్నాయి. తలకట్టు ఒకటి రెండుచోట్ల పోల్చుకోగలిగాను, మిగతాది నా కళ్లకు అందలేదు. మన భాషే మన చేతికింద ఉండి చదవలేకపోవడం ఎంత వింత అనుభవమో, మీరూ వెళ్లి వేలు పెట్టి చూడండి.

దీన్ని చెక్కించినవాడు జినవల్లభుడు. కన్నడ ఆదికవి పంపడికి తమ్ముడు. పంపడు వేములవాడ అరికేసరి ఆస్థానకవి, 941లో విక్రమార్జున విజయం రాసినవాడు. వీళ్ల మూలం ఎక్కడనుకున్నారు? వేంగినాట్లో కమ్మనాటి వంగిపర్రు. గుంటూరు జిల్లా వంగిపురమే అది అంటారు, మా ఊరికి కూతవేటు. పూర్వీకుడు మాధవ సోమయాజి యజ్ఞాలు చేసిన బ్రాహ్మణుడు. తండ్రి భీమపయ్య జైనం పుచ్చుకున్నాడు. బ్రాహ్మణ్యం వదులుకుంటున్నాననుకోలేదు, బ్రాహ్మణుడికి తగిన ధర్మం ఇదేనని అనుకున్నాడట. కొడుకు పంపడు ఆ సోమయాజి గురించి చెబుతూ, హోమధూమం ఆయన కీర్తికి మసి పట్టించిందన్న అర్థంలో రాశాడు. తాతల యజ్ఞాన్ని ప్రశ్నించారు, తాతల గోత్రాన్ని మాత్రం దాచుకోలేదు; శ్రీవత్స గోత్రమని చెప్పుకున్నారు. ఈ కుటుంబం సంగతి నాకు చాలా దగ్గరగా వచ్చి కూర్చుంది. మా వైపు నమ్మితే అంతా నమ్మాలి, వదిలితే అంతా వదలాలి అనే పట్టుదల ఎక్కువ. వీళ్లు ఏరుకున్నారు.

తాత బండకు ఆనుకుని బీడీ ముట్టించి అడిగాడు, "ఏం రాసిన్రు అండ్ల?"

"జినవల్లభుడని ఒకాయన, తన అన్న గురించీ వంశం గురించీ రాయించుకున్నాడు తాతా."

"అమ్మ ముచ్చట లేదా?"

ఆయన అడిగింది బొమ్మలమ్మ సంగతి. నాకు గుర్తొచ్చింది మాత్రం వేరు. శాసనంలో జినవల్లభుడు తల్లి పేరూ చెక్కించాడు, అబ్బణబ్బె అని. "ఉంది తాతా" అన్నాను. నా గొంతు పూడుకుపోయింది. తాత ఇంకేమీ అడగలేదు, మేకల్ని మళ్లేసుకుని దిగిపోయాడు.

ఆ గుట్టకు ఆనుకుని గ్రానైటు తవ్వకాల భయం చాలాకాలంగా ఉంది. ఊరివాళ్లు, చరిత్ర తెలిసినవాళ్లు కలిసి అడ్డుపడుతూ వచ్చారు. తెలుగు పద్యం మొదట నిలబడ్డ బండల్లో ఒకదాన్ని కాపాడమని ఎవరినైనా బతిమాలాల్సి రావడమే నాకు మింగుడుపడదు.

వేములవాడకు వెళ్లే బస్సులో నిలబడ్డానికి చోటు దొరికితే అదృష్టం. సోమవారం అయితే ఇంకా కష్టం. రాజన్న గుడి మా అమరావతి గుడిలా ఏటి ఒడ్డున తీరిగ్గా ఉండదు. ధర్మగుండంలో మునకలు, గుండు గీయించుకున్న పసిపిల్లల ఏడుపులు, బెల్లం, కొబ్బరి, తడిబట్టల వాసన, అన్నీ ఒకేసారి మీద పడతాయి. గుడి ఆవరణలోనే ఒక దర్గా. శివుణ్ణి కొలిచిన ముస్లిం భక్తుడిదని చెప్పుకుంటారు. కొబ్బరికాయ కొట్టినవాళ్లే అక్కడా ఆగి దండం పెట్టుకుని వెళ్తున్నారు. నాకు వింతగా తోచింది గానీ, అక్కడివాళ్లలో ఎవరి మొహంలోనూ వింత లేదు.

ఇక్కడి ప్రత్యేకత కోడె మొక్కు. చీటీ తీసుకుంటే కోడెనిస్తారు, దాన్ని పట్టుకుని గుడి చుట్టూ తిరిగి కట్టేయాలి. నా ముందు ఒక అవ్వ కోడె తాడు రెండు మడతలు వేసి అరచేతికి చుట్టుకుంది. ఆ చేతి మీద నరాలూ తాడు పురీ కలిసిపోయి ఉన్నాయి. కోడె నడవనంటే లాగలేదు, ఆగింది. అది కదిలాక కదిలింది.

నేను ఉండబట్టలేక అడిగాను. "అవ్వా, కోడె మీది కాదు కదా. చీటీకి దొరికిన కోడెను కడితే మొక్కు తీరుతుందా?"

"మా ఇంట్ల ఎడ్లున్ననాడు మా కోడెనే తోలుకచ్చినం. ఇప్పుడు ట్రాక్టరచ్చె, ఎడ్లు పాయె. నా మొక్కేడికి పోతది?" అంది. కాసేపాగి, "మొక్కింది నేను గదా, కోడె గాదు" అని కూడా అంది.

ఆ మాట దగ్గర నా బుర్రలో ముడి కాస్త సడలింది. పిండికోడి నరికినందుకు సోమదేవుడు రాజుకు శిక్ష వేసింది ఎందుకు? పిండి తెగినందుకు కాదు. చంపుతున్నాననే తలపుతో కత్తి ఎత్తినందుకు. అంటే ఆయన లెక్కలో తూచాల్సింది వస్తువును కాదు, తలపును. మరి నేను మెట్లెక్కినప్పుడు నా తలపు ఏమిటి? ఎవరినీ చంపాలని కాదు. దేవుణ్ణి మోసం చేద్దామని కూడా కాదు. అమ్మ చెయ్యి నా చేతిలో ఉన్నప్పుడు ఆ మాట తీయలేకపోయాను, అంతే. సోమదేవుడి తూనికలో ఇది పిండికోడి కాదని నాకు గట్టిగా అనిపించింది. పిన్ని చెప్పిన దోషం కూడా ఈ తూనికలో నిలవదు.

అదే పుస్తకంలో ఆయన ఇంకో సంగతి తేల్చాడు. గ్రహణస్నానాలు, సూర్యుడికి అర్ఘ్యాలు, చెట్టుపూజలు, నిప్పుల్లో దూకడాలు, ఇలాంటివన్నీ మూఢత అని జాబితా వేసి కొట్టేసిన మనిషే, లోకంలో ఉన్న ఆచారాల్ని జైనులు పాటించుకోవచ్చని ఒప్పుకున్నాడు. రెండు షరతులు పెట్టాడు: సరైన చూపు చెడకూడదు, పట్టిన వ్రతానికి మచ్చ రాకూడదు. ఇంత తార్కికుడు ఇంత మెత్తగా ఎలా ఉన్నాడా అని నాకు మొదట ఆశ్చర్యం. వేములవాడ వీధిలో నిలబడితే తెలిసింది. ఇక్కడ బద్ది పోచమ్మ గుడి ముందు బోనం, కల్లు, బతికున్న కోడి. వంద గజాల్లో శివుడు. ఆనాడు ఇదే ఊళ్లో రాజు బద్దెగుడు సోమదేవుడి కోసం కట్టించిన శుభధామ జినాలయం. 966లో మూడో అరికేసరి ఆ జినాలయపు బాగోగుల కోసం సోమదేవుడికి ఒక ఊరే ఇచ్చాడని పర్భణి తామ్రశాసనం చెబుతుంది. ఇంతమంది దేవుళ్ల మధ్య బతుకుతూ, పక్కింటివాడి పండక్కి తలుపేసుకోకుండా, తన బుద్ధిని తాకట్టు పెట్టకుండా ఉండటం ఎలాగన్నది ఆయనకు పుస్తకంలో ప్రశ్న కాదు, రోజూ గడప దాటితే ఎదురయ్యే ప్రశ్న.

పోచమ్మ గుడి ముందు కోళ్లను చూసి మాత్రం నేను తల తిప్పుకున్నాను. సోమదేవుడి మొదటి షరతు సంగతేమో గానీ రెండోది అక్కడ నాకు అడ్డం పడింది. నా మీద కోపం వస్తే రానీండి, దేవుడి పేరు పెట్టినా గొంతు తెగడం గొంతు తెగడమే.

ధర్మపురిలో ఎక్కువసేపు లేను. నరసింహస్వామి గుడిలోనే యముడికి వేరే గుడి ఉండటం మా వైపు చూడం. గండదీపంలో నూనె పోస్తే మరణభయం పోతుందంటారు, జనం వరసకట్టి పోస్తున్నారు. నేను పోయలేదు. యముడి ఎదురుగా మాత్రం నిలబడ్డాను, అడగాల్సినవి మనసులోనే అడిగాను. జవాబేమీ రాలేదు. బయటికొస్తే గోదావరి ఒడ్డున వేడివేడి సర్వపిండి దొరికింది. పల్లీలు, పచ్చిమిర్చి, గిన్నె అంచుకు అంటుకుని మాడిన అట్టు. మా తపేలంటుకు చెల్లెలు వరస. ఆకలి మీద ఉన్నానేమో, రెండోది కూడా అడిగాను.

రాయపట్నం వంతెన దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా. లక్సెట్టిపేట, జన్నారం, అక్కడినుంచి కవ్వాల్ అడవి. దారి పొడుగునా టేకు, ఆకు రాలి కాళ్ల కింద కరకరలాడే టేకు. మా కృష్ణా డెల్టాలో ఇంత దూరం మనిషి కనబడకుండా ప్రయాణించడం సాధ్యం కాదు. జన్నారం మండలంలోనే కలమడుగు దగ్గర హస్తినమడుగు ఉంది. కేస్లాపూర్‌లో నాగదేవుడైన నాగోబా జాతరకు మెస్రం వంశపు గోండులు ఏటా చెప్పుల్లేకుండా ఇంతదూరం నడిచివచ్చి గోదావరి నీళ్లు తీసుకుపోయేది ఇక్కడినుంచే. నేను బస్సులో వస్తేనే నడుం పట్టేసింది.

ఉట్నూరులో స్నేహితురాలి బంధువుల ఇంట రాత్రి జొన్నరొట్టె, కందిపప్పు. రొట్టె ఎంత పల్చగా ఉందంటే పొయ్యి వెలుగు అవతలనుంచి కనబడింది. తెల్లారి ఇప్పపువ్వు లడ్డూలు పెట్టారు. తియ్యగా, వెనకాల కాస్త మత్తువాసనగా ఉంటాయి, తప్పక తినండి. అక్కడినుంచి మార్లవాయి వెళ్లాను. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940లలో, కుమ్రం భీం మరణం తర్వాత, నిజాం ప్రభుత్వం పంపగా వచ్చి గోండుల మధ్య ఈ ఊళ్లో ఉన్నాడు. 1943లో ఇక్కడే గోండి పిల్లలకు చదువు చెప్పే టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. ఆయన భార్య బెట్టీ 1987లో పోతే సమాధి ఇక్కడే కట్టారు. ఆయన 1995లో లండన్‌లో పోయాడు, 2012లో అస్థికలు తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. నాగోబాకు మొక్కి వచ్చినవాడు కాదు, చూసి రాసుకోవడానికి వచ్చినవాడు. జాతరలో ఇప్పటికీ జరిగే ప్రజాదర్బారు ఆయన చొరవతో మొదలైందే. నమ్మనివాడు నమ్మేవాళ్ల పండగలో ఇంత చోటు సంపాదించుకోవడం చూసి నాకు నాన్న గుర్తొచ్చారు. నాన్నను ఇక్కడికి తీసుకురావాలి.

పుష్య అమావాస్య రాత్రి కేస్లాపూర్‌లో నాగోబాకు మహాపూజ. నేను వెళ్లేసరికే మర్రిచెట్ల కింద మెస్రం కుటుంబాలు దిగి ఉన్నాయి. బండ్లు, కుండలు, పొగ, పసిపిల్లలు. కొత్త కోడళ్లు తెల్లచీరల్లో, ముసుగు మొహం మీదికి లాక్కుని ఒకచోట కూర్చున్నారు. పెద్దలు వాళ్లను నాగోబాకు పరిచయం చేస్తారు, భేటింగ్ అంటారు దాన్ని. అది అయ్యాకే వాళ్లు పూర్తిగా ఆ ఇంటివాళ్లు. మా పెళ్లిళ్లలో కోడలిని ఊరికి పరిచయం చేస్తాం, ఇక్కడ దేవుడికి పరిచయం చేస్తారు. గుడి కొత్తది. మెస్రంలు తమలో తాము చందాలేసుకుని రాతితో కట్టుకున్నారు, 2022 డిసెంబరులో తెరిచారు.

మర్రి కింద ఒక కుర్రాడు పాదాలకు నూనె రాసుకుంటూ కనిపించాడు. డిగ్రీ చదువుతున్నాడట, బీఎస్సీ. గోదావరి నీళ్ల కోసం నడిచివచ్చిన వాళ్లలో ఒకడు. అరికాలి బొబ్బలు చితికి ఎండి ఉన్నాయి. నేను లెక్కల టీచర్నని తెలిశాక కాస్త చనువుగా మాట్లాడాడు.

"నాగోబా వచ్చి పాలు తాగుతాడంటారు కదా. నువ్వు నమ్ముతావా?"

"పాము పాలు తాగదు మేడం. మా జువాలజీ సారు చెప్పిండు. దానికి అరగది."

"మరెందుకు నడిచావు?"

"మా తాత నడిచిండు, బాపు నడిచిండు. బాపుకు మోకాళ్లు పోయినయి. నేను నడవకుంటే మా ఇంటికెళ్లి ఎవరు నడుస్తరు? తొవ్వల మా చుట్టాల ఊర్లన్నీ తగుల్తయి. ఇయ్యాల గీ నడక లేకుంటే నాకు సగం మంది తెల్వనే తెల్వరు."

"ఎప్పుడూ ఇదంతా వట్టిదేమో అనిపించలేదా?"

"అనిపించింది. బొబ్బలెక్కినప్పుడు బాగ అనిపించింది. ఉండలేక మా పెద్దాయన్నడిగిన. కోపానికి రాలే. ఆ రాత్రి మా కథలు పాడే పర్ధాన్‌ను పిలిచి నాగోబా కథ మళ్ల మొదటికెళ్లి పాడమన్నడు. నిద్ర లేదు. పొద్దుగాల మళ్ల నడిచినం." నవ్వి, నూనె సీసా మూత పెట్టాడు. "జవాబు దొరికిందా అంటే దొరకలే మేడం. గని కథ మొత్తం మొదటిసారి విన్న."

ఈ కుర్రాడి దగ్గర సోమదేవుడి రెండు షరతులూ నాకు కళ్లెదుట కనిపించాయి. పాము విషయంలో అతని చూపు చెడలేదు. నడకలో ఎవరికీ హాని లేదు. అతను రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకోవాలని ఆ మర్రి కింద ఎవరూ పట్టుబట్టడం లేదు, అడిగినందుకు వెలివేయడమూ లేదు. మా ఇంట్లో అమ్మానాన్నలు ఒకరి జోలికి ఒకరు పోకుండా బతికారని ఇందాక చెప్పాను. ఆ మౌనాన్ని మంచితనమనే అనుకున్నాను ఇన్నాళ్లూ. అమ్మను ఒక్కసారైనా కూర్చోబెట్టి, కోటప్పకొండ కథ మొదటినుంచి చెప్పమని నాన్న గానీ నేను గానీ అడిగి ఉంటే ఎంత బాగుండేది!

మర్నాడు ఇంద్రవెల్లిలో సెల్ సిగ్నల్ దొరికాక నాన్నకు ఫోన్ చేశాను. శాంతి హోమం చేయించనని చెప్పాను. పోయిన మనిషిని నా దోషమే పంపించిందని ఒప్పుకున్నట్టవుతుంది కాబట్టి చేయించను. సంవత్సరీకం రోజున ఊళ్లో అందరికీ అన్నం పెడదామన్నాను. సాయంత్రం అమ్మ కుందిలో దీపం పెడతానన్నాను.

"దీపం ఎందుకమ్మా? చూస్తుందని నమ్ముతున్నావా?" అన్నారు.

"లేదు నాన్నా. చూస్తుందని చెప్పను, ఎవరికీ చెప్పను. అమ్మ రోజూ పెట్టేది, నాకు పెట్టాలని ఉంది. దీనివల్ల ఎవరికైనా నష్టమా?"

చాలాసేపు అవతల చప్పుడు లేదు. "ఆలోచించుకుని చెప్తాను" అన్నారు. ఇంకా చెప్పలేదు. ఆయన ఆలోచిస్తానంటే నిజంగానే ఆలోచిస్తారు.

మీరు వెళ్తే పుష్యమాసంలోనే వెళ్లండి, జాతర కూడా కలిసొస్తుంది. బొమ్మలగుట్టకు పొద్దున్నే వెళ్లండి, ఏటవాలు ఎండలో అక్షరాలు బాగా తేలతాయి. గుట్ట కింద ఎవరినైనా బొమ్మలమ్మ అని అడగండి. శాసనం అంటే దారి దొరకదు.